కాదనేవాళ్ల పేర్లు కావాలి

మన గూడేల్లో సభ పెట్టినప్పుడల్లా ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది. ‘మనం ఓట్లేసి పంపిన మన ఎమ్మెల్యే, మన ఎంపీ అక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు?’ వాళ్లు వేదిక మీద ఉంటే ‘పైకి రాశాం, నిధులు రావాలి’ అంటారు. లేకపోతే మనమే నాలుగు తిట్లు తిట్టి ఇళ్లకు పోతాం. తిట్టాల్సిన వాళ్లను తిట్టాల్సిందే, అందులో మాకు మొహమాటం లేదు. కానీ చట్టం చేసే చోట వాళ్ల చేతులకు ఒక కట్టు ఉంది. ఆ కట్టు గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడరు. మన నాయకులూ చెప్పరు. కొందరికి తెలియదు, తెలిసినవాళ్లకు అది చక్కటి సాకు.

మేం లాయర్లం కాము, బడి పంతుళ్లం. పిల్లలకు చెప్పినట్టే ఒక ఉదాహరణతో చెబుతాం.

ఆశ్రమ పాఠశాలల్లో చదివే మన పిల్లలకు వానాకాలం వస్తే జ్వరాలు. రాత్రి పూట జ్వరం ఎక్కువైతే చూసేది వార్డెనో, వంటమనిషో, పక్క మంచం మీద పడుకున్న ఎనిమిదో తరగతి పిల్లో. ఆసుపత్రి దూరం, బండి రాదు, కొన్నిచోట్ల డోలీయే గతి. దీనికి మనం కోరేది ఏమంత పెద్దది కాదు. ఒక ఎమ్మెల్యే అసెంబ్లీలో మూడు వాక్యాల బిల్లు పెట్టాడనుకోండి. ‘ప్రతి ఆశ్రమ పాఠశాలలో రాత్రింబగళ్లు అక్కడే ఉండే ఒక నర్సు ఉండాలి. రెండు మంచాలున్న ఒక గది ఉండాలి. నర్సు జీతం రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి.’ అంతే. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు, రాజ్యాంగ విరుద్ధం ఏమీ లేదు.

ఈ బిల్లు సభలో పాసవుతుందా అన్నది తర్వాతి మాట. దాన్ని పాస్ చేసే వీలు సభకు ఉందా అన్నది మొదటి మాట. రాజ్యాంగం 207వ అధికరణ మూడో క్లాజు ఏం చెబుతుందంటే, రాష్ట్ర సంఘటిత నిధి నుంచి ఖర్చు పెట్టాల్సి వచ్చే ఏ బిల్లునైనా గవర్నర్ సిఫారసు లేకుండా సభ ఆమోదించకూడదు. పార్లమెంటుకు ఇదే మాట 117వ అధికరణ మూడో క్లాజులో ఉంది. అక్కడ సిఫారసు రాష్ట్రపతిది. ఇక పన్నులు, ప్రభుత్వ అప్పులు, ఖజానా నుంచి సొమ్ము కేటాయింపు లాంటి విషయాల బిల్లయితే 117 మొదటి క్లాజు ప్రకారం సిఫారసు లేకుండా అసలు ప్రవేశపెట్టడానికే వీల్లేదు. దీనికి తోడు లోక్‌సభ నిబంధనల్లో 69వది ఉంది. ఖర్చుతో కూడిన బిల్లుకు ఆర్థిక మెమోరాండం జతచేయాలి, ఖర్చు తెచ్చే క్లాజులను విడిగా కనబడేలా అచ్చు వేయాలి. లెక్క చూపమనడం మంచిదే, దాన్ని మేం తప్పుపట్టం. మా తగువు సిఫారసు దగ్గర.

ఎందుకంటే గవర్నర్ అంటే ఇక్కడ గవర్నర్ కాదు, మంత్రివర్గం. రాష్ట్రపతి అన్నా మంత్రివర్గమే. వాళ్ల సలహా ప్రకారమే సంతకం పడుతుంది. 2022 జూలై 25 నుంచి రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది సంతాల్ ఆడబిడ్డ ద్రౌపది ముర్ము గారు. మనమందరం సంతోషించాం, బడుల్లో పిల్లలకు ఫొటో చూపించి చెప్పాం. కానీ ఒక ఆదివాసీ ఎంపీ ఆదివాసీ పిల్లల కోసం ఖర్చుతో కూడిన బిల్లు పెడితే, దానికి సిఫారసు ఇవ్వాలో వద్దో ఆ తల్లి తనంతట తాను తేల్చలేదు. కేంద్ర మంత్రులు వద్దంటే ఆ వద్దు ఆమె పేరు మీదే వెళుతుంది. ఇంతకంటే వెటకారం ఏముంది?

గవర్నర్ విషయంలో వెటకారం ఇంకా పాతది. ఐదో షెడ్యూలు ప్రకారం ఏజెన్సీ ప్రాంతాలకు ఏ చట్టం వర్తించాలో, ఏది వర్తించకూడదో చెప్పే అధికారం గవర్నర్‌కు ఇచ్చారు. మనకు కాపలాదారు అన్నారు. మన నర్సు బిల్లు ముందుకు కదలాలంటే తలుపు తీయాల్సింది కూడా ఆ గవర్నరే. గిరిజన సలహా మండలి ఉంది కదా అంటారేమో. అందులో మూడు వంతులు మన ఎమ్మెల్యేలే ఉండాలి, నిజమే. కానీ గవర్నర్ తమకు పంపిన విషయాల మీదే వాళ్లు సలహా చెప్పాలని ఐదో షెడ్యూలే రాసింది. అడిగితే చెప్పాలి, అడగకపోతే టీ తాగి రావాలి.

ఈ నిబంధన మనకే ప్రత్యేకంగా పెట్టింది కాదు, సభ్యులందరికీ ఒకటే అని ఒక వాదన వినబడుతుంది. కాగితం మీద అందరికీ ఒకటే. మంత్రి కాని ప్రతి సభ్యుణ్ణీ ప్రైవేటు సభ్యుడు అంటారు, అధికార పార్టీలో ఉన్నా సరే. కానీ పెద్ద కులాల వాళ్లు, పెద్ద జిల్లాల వాళ్లు ఈ పార్టీ కాకపోతే ఆ పార్టీ తరఫున ఎప్పుడో ఒకసారి ఆర్థిక మంత్రులవుతారు, ముఖ్యమంత్రులవుతారు. ఈరోజు సిఫారసు అడిగినవాళ్లు రేపు సిఫారసు ఇచ్చేవాళ్లవుతారు. మన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 మందిలో ఎస్టీ స్థానాలు 7. తెలంగాణలో 119కి 12. లోక్‌సభలో 543కి 47, అందులో మన రెండు రాష్ట్రాలకు అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్, మొత్తం మూడు. ఒకరిద్దరికి మంత్రి పదవి వచ్చినా అది ఎక్కువగా గిరిజన సంక్షేమ శాఖే, ఖజానా తాళంచెవి కాదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. మనం ఎప్పుడూ కడబంతిలోనే, వడ్డించేవాడు ఎప్పుడూ మనవాడు కాడు.

లోక్‌సభలో ప్రైవేటు సభ్యుల పనికి ఇచ్చేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు. బిల్లులకూ తీర్మానాలకూ కలిపి అంతే. సగం మంది అప్పటికే ఊళ్లకు బయలుదేరి ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటిదాకా రెండు సభలూ ఆమోదించి చట్టమైన ప్రైవేటు బిల్లులు 14. చివరిది 1970లో. సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ల పరిధి పెంచే బిల్లు, ఆనంద్ నారాయణ్ ముల్లా తెచ్చింది. అంతకుముందు 1956లో ఫిరోజ్ గాంధీ తెచ్చిన బిల్లు పార్లమెంటు చర్చలను ప్రచురించే పత్రికలకు రక్షణ ఇచ్చింది. మంచి చట్టాలే. అయితే అవి కోర్టుల పరిధి గురించి, పత్రికల హక్కుల గురించి. పేదవాడి కంచంలో అన్నం వేసే చట్టాలు కావు. అలాంటివి మంత్రుల చేతి నుంచే రావాలని నిబంధనే కట్టడి చేసింది కదా.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. సభ్యుడు ఖర్చు పెంచమని అడగకూడదు కానీ తగ్గించమని అడగవచ్చు. 113వ అధికరణ ప్రకారం ప్రభుత్వం పెట్టిన పద్దును లోక్‌సభ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. పెంచే వీలు లేదు. అందుకని ఏదైనా శాఖలో ఫలానా అన్యాయం జరుగుతోందని చెప్పదలచిన సభ్యుడు ఏం చేయాలంటే, ఆ శాఖ పద్దులో వంద రూపాయలు కోయమని తీర్మానం పెట్టాలి. దాన్ని టోకెన్ కోత అంటారు. అంటే, మన పిల్లల హాస్టళ్లకు డబ్బు చాలడం లేదని చెప్పాలంటే ‘గిరిజన శాఖకు వంద రూపాయలు తగ్గించండి’ అని అడగాలి! ఆకలేస్తోందని చెప్పడానికి ముందు కంచంలోంచి ఒక ముద్ద తీసి పక్కన పెట్టాలన్నట్టు ఉంది. పన్నుల దగ్గరకొస్తే ఇంకో మర్యాద. ఏదైనా పన్ను తగ్గించమనో, ఎత్తేయమనో సవరణ పెట్టడానికి రాష్ట్రపతి సిఫారసు అక్కర్లేదని 117 మొదటి క్లాజుకే మినహాయింపు రాశారు. ఫ్యాక్టరీ యజమానికి పన్ను తగ్గించే సవరణకు సిఫారసు వద్దు, ఆశ్రమ బడికి నర్సును ఇచ్చే బిల్లుకు కావాలి.

ఈ నిబంధన ఎందుకు పుట్టిందో కూడా చెప్పుకోవాలి. 1706లో ఇంగ్లండు కామన్స్ సభ ఒక తీర్మానం చేసుకుంది. రాజు తరఫున సిఫారసు వస్తే తప్ప ప్రజల సొమ్ము అడిగే అర్జీలు తీసుకోం అని. 1713లో దాన్ని స్థిర నిబంధనగా మార్చుకున్నారు. సొమ్ము కోసం సభ చుట్టూ మూగే అర్జీదారులను ఆపడానికి పెట్టుకున్న అడ్డుకట్ట అది. మన దేశంలో వలస పాలన నాటి చట్టాల గుండా నడిచి, 1935 భారత ప్రభుత్వ చట్టం మీదుగా రాజ్యాంగంలోకి వచ్చింది. రాజు పోయాడు, వైస్రాయి పోయాడు, సిఫారసు మిగిలింది.

దాన్ని సమర్థించేవాళ్ల మాట మేం వినకపోలేదు. ‘ఐదు వందల పైచిలుకు సభ్యులు తలా ఒక ఖర్చు రాసుకొస్తే బడ్జెట్ ఏమవుతుంది? పన్ను వేసే బాధ్యత ఒకరిది, ఖర్చు రాసే సరదా ఇంకొకరిదా?’ అంటారు. బాగుంది. కానీ బిల్లు పెట్టినంత మాత్రాన డబ్బు ఖర్చు కాదు. సభలో సగానికి మించి ఓట్లు పడాలి. ఆ సగానికి మించిన ఓట్లు ఉన్నాయి కాబట్టే ప్రభుత్వం ప్రభుత్వంగా ఉంది. ఇష్టం లేని బిల్లును నిమిషంలో ఓడించగలదు. అంత బలం ఉన్నవాళ్లకు సిఫారసు అనే ఈ అదనపు గొళ్లెం ఎందుకు? ఇక బడ్జెట్ పవిత్రత సంగతంటారా, 2023 మార్చి 23న లోక్‌సభ సుమారు 45 లక్షల కోట్ల రూపాయల ఖర్చును ఏ ఒక్క శాఖ మీదా చర్చ లేకుండా గిలెటిన్ చేసి ఆమోదించింది. అంత సొమ్మును అలా దాటించగలిగిన సభకు, ఒక నర్సు జీతం మీద ఓటు వేయిస్తే ఆర్థిక క్రమశిక్షణ పోతుందా? ఇంకో సంగతి. సిఫారసు లేకపోయినా బిల్లు ఎలాగో పాసై సంతకం పడితే, సిఫారసు లేదన్న కారణంతో ఆ చట్టం చెల్లకుండా పోదని రాజ్యాంగం 255వ అధికరణే చెబుతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, అడ్డమంతా సభ గుమ్మం దగ్గరే.

గొళ్లెం ఎందుకో మాకు అర్థమైనది ఒకటే. ఓటింగ్ జరిగితే ఎవరో ఒకరు ‘వద్దు’ అనాలి. నర్సు వద్దు అని ఒక మంత్రి లేచి చెప్పాలి. ఆయన వెనక కూర్చున్నవాళ్లు, మన రిజర్వుడు స్థానాల నుంచి గెలిచినవాళ్లతో సహా, వద్దు అని మీట నొక్కాలి. అది రికార్డులో ఉంటుంది. సిఫారసు ఆపేస్తే ఎవరూ ఏమీ అనక్కర్లేదు. బిల్లు ఓడిపోదు, ఊరికే మూలన పడి ఉంటుంది. సభ గడువు తీరాక దానంతటది చచ్చిపోతుంది. చంపినవాడంటూ ఎవడూ ఉండడు.

పరాయి పాలనలో కూడా ఇంత గుట్టు లేని సందర్భం ఒకటుంది. టీచర్లం కాబట్టి మాకది బాగా గుర్తు. గోపాలకృష్ణ గోఖలే 1911 మార్చి 16న ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో ప్రాథమిక విద్య బిల్లు ప్రవేశపెట్టారు. ఆరు నుంచి పదేళ్ల మగపిల్లలకు, స్థానిక సంస్థలు ఒప్పుకున్న ప్రాంతాల్లో, చదువు తప్పనిసరి చేయాలని. ఆడపిల్లలను తర్వాతికి వదిలేసిన బిల్లే. ఆయన ప్రభుత్వంలో లేని సభ్యుడు, అది ఖర్చుతో కూడిన బిల్లు. ఖజానాను తాకే ఏ బిల్లుకైనా ముందస్తు అనుమతి కావాలన్న నియమం అప్పుడూ ఉంది. అయినా బిల్లు సభకు వచ్చింది, అభిప్రాయాలకు దేశమంతా తిరిగింది, 1912 మార్చిలో ఓటింగ్ దాకా వెళ్లింది. అనుకూలం 13, వ్యతిరేకం 38. ఓడిపోయింది. కానీ పిల్లల చదువుకు డబ్బు పెట్టం అన్నవాళ్లెవరో తేలిపోయింది. ఆ తర్వాత విద్యా హక్కు చట్టం అమల్లోకి రావడానికి 2010 ఏప్రిల్ 1 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నేళ్లూ ఈ డిమాండును మోసినవాళ్లకు ఆ 13, 38 అంకెలు పనికొచ్చాయి. వైస్రాయి కౌన్సిల్‌లో దక్కిన ఓటింగ్ స్వతంత్ర దేశపు అసెంబ్లీలో మన నర్సు బిల్లుకు దక్కదా?

డబ్బు మాట ఎత్తకుండా బిల్లు రాయొచ్చు కదా అని తెలివైనవాళ్లు సలహా ఇస్తారు. దాని ఫలితం కెనడా ఆదివాసులు చూశారు. ఆ దేశంలోనూ ఇదే నిబంధన, రాజు సిఫారసు అంటారు. 2005 నవంబరులో అప్పటి ప్రధాని పాల్ మార్టిన్ కెలోనా అనే ఊళ్లో ఆదివాసీ నాయకులతో, రాష్ట్రాల ముఖ్యమంత్రులతో ఒప్పందానికొచ్చారు. చదువు, ఆరోగ్యం, ఇళ్లు, నీళ్ల కోసం ఐదేళ్లలో 500 కోట్ల డాలర్లకు పైగా. రెండు నెలలకే ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు, కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని పక్కన పెట్టింది. మార్టిన్ మామూలు సభ్యుడిగా, ఆ ఒప్పందాన్ని అమలు చేయాలంటూ ప్రైవేటు బిల్లు పెట్టారు. అందులో సొమ్ము కేటాయింపు లేదు కాబట్టి సిఫారసు అక్కర్లేదని స్పీకర్ తేల్చారు. బిల్లు పాసై 2008 జూన్‌లో చట్టమైంది కూడా. ప్రభుత్వం ఆ డబ్బు పెట్టలేదు. చట్టం ఉంది, నల్లాలో నీళ్లు లేవు. ఇలాంటి చట్టాలు మన దగ్గరా తక్కువేం లేవు. 1996 పెసా చట్టం ప్రకారం ఊళ్లో ఖర్చయిన సొమ్ముకు గ్రామసభ ధ్రువీకరణ ఇవ్వాలి. సొమ్మే రాని చోట దేనికి ధ్రువీకరణ ఇస్తాం?

మనం అడిగేది దానం కాదన్న సంగతి కూడా రాజ్యాంగమే చెబుతోంది. 275వ అధికరణ మొదటి క్లాజులో, షెడ్యూల్డు తెగల సంక్షేమానికి, షెడ్యూల్డు ప్రాంతాల పాలనను మిగతా ప్రాంతాల స్థాయికి తేవడానికి కావలసిన సొమ్మును భారత సంఘటిత నిధి నుంచి రాష్ట్రాలకు ‘చెల్లించాలి’ అని ఉంది. చెల్లించవచ్చు అని కాదు. కేంద్రం ఆమోదించిన పథకాలకు అన్న మెలిక ఒకటి పెట్టారు. ఎంత కావాలో తేల్చేదీ, దేనికివ్వాలో తేల్చేదీ మళ్లీ ప్రభుత్వాలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చిందంటే దళిత, ఆదివాసీ సంఘాలు రోడ్ల మీద కూర్చుంటే వచ్చింది. ప్రభుత్వమే బిల్లు పెట్టింది, సిఫారసు చిటికెలో దొరికింది. గడువు మాత్రం పదేళ్లే అని అందులోనే రాసుకున్నారు. 2023 జనవరిలో ఆ గడువు ముగిసే వేళ మళ్లీ పరుగులు, ఆర్డినెన్సుతో పొడిగింపు. వాళ్లు పెడితే చట్టం, వాళ్లు పొడిగిస్తే చట్టం. మనవాడు సభలో ఉండి కూడా బయట ధర్నా చేసినవాడితో సమానం.

సిఫారసు నిబంధనను ఈ రేపో మాపో ఎత్తేస్తారని మేం కలలు కనడం లేదు. దానికి రాజ్యాంగ సవరణ కావాలి. కానీ సవరణ అక్కర్లేకుండా, సభల నిబంధనలు మార్చి చేయదగ్గది ఉంది. సభ్యుడు సిఫారసు అడిగిన రోజు నుంచి ఇన్ని రోజుల్లో జవాబు చెప్పాలని గడువు పెట్టాలి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో సంబంధిత మంత్రి సంతకంతో సభ ముందు పెట్టాలి, దాని మీద గంటసేపైనా చర్చ ఉండాలి. ఐదో షెడ్యూలు ప్రాంతాల కోసం ఎస్టీ సభ్యులు పెట్టే బిల్లులను గిరిజన సలహా మండలికి పంపి, దాని అభిప్రాయాన్ని సభలో చదవాలి. 275 కింద చెల్లించాలని రాజ్యాంగమే అన్నచోట, ఆ మాట అమలు కోసం పెట్టే బిల్లుకు మళ్లీ సిఫారసు ఎందుకని మన ఎంపీలు లోక్‌సభ స్పీకర్‌ను రాతపూర్వకంగా అడగాలి. ఆయన ఏ జవాబిచ్చినా అది మనకు పనికొచ్చేదే.

ఈలోగా ఉన్న నిబంధనల్లోనే పని మొదలుపెట్టవచ్చు. నర్సు బిల్లు లాంటి బిల్లును పాస్ చేయడానికే సిఫారసు కావాలి, ప్రవేశపెట్టడానికి కాదు. ఇద్దరు కాదు, ఏడుగురూ పెట్టాలి. తెలంగాణలో పన్నెండుగురూ పెట్టాలి. పార్టీ ఏదైనా సరే. లోక్‌సభలో అయితే నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పార్టీ ఒప్పుకోదు అంటారు, తెలుసు. అందుకే గ్రామసభల్లో తీర్మానం చేసి, తీర్మానం నకలు మన ఎమ్మెల్యే చేతికి నలుగురి ముందు ఇద్దాం. ‘మీరు బిల్లు పెట్టండి. సిఫారసు అడగండి. రాలేదంటే ఆ కాగితం తెచ్చి మాకు చూపించండి’ అందాం. పైన రాసిన మూడు వాక్యాలను మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. నర్సు ఉన్నచోట బండి అడగండి, బండి ఉన్నచోట రోడ్డు అడగండి. ఒక్కో బిల్లులో ఒక్కటే అడగండి. వద్దన్నవాళ్లు దేన్ని వద్దన్నారో చిన్న పిల్లవాడికి కూడా అర్థం కావాలి.